చార్టు ఎక్కిన ఖని గొంతు



2024 డిసెంబరు మొదటివారంలో 'గోదారి గట్టు' అనే పాట విడుదలైంది. 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమాలోది. భాస్కరభట్ల రవికుమార్ రాశారు, భీమ్స్ సిసిరోలియో బాణీ కట్టారు. 2025 జనవరి 14న సినిమా తెర మీదికి వచ్చేసరికే పాట ఊరూరా తిరిగింది. పెళ్లి బరాతులో మోగింది, బడిపిల్లలు దానికి ఆడారు, యూట్యూబ్‌లో లెక్క కోట్లకు చేరింది. ఇప్పటి కాలపు కొలతలో ఏది పెద్ద హిట్టో, ఆ పాట అదే.

అందులో రెండు గొంతులున్నాయి. మగ గొంతు రమణ గోగులది. 1990లలో తెలుగువాళ్లకు గిటారు పట్టుకుని పాప్ పాట వినిపించిన మనిషి ఆయన. ఆడ గొంతు మధుప్రియది. ఆమె గోదావరిఖని ఆడబిడ్డ. ఆ రెండు గొంతులు వేర్వేరు దారుల్లో వచ్చి ఒక పాటలో కలిశాయి. హిట్ల పట్టికలు రాసేవాళ్లు ఒక దారిని మొదటినుంచీ లెక్కలోకి తీసుకున్నారు. రెండో దారిని ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఆ రెండో దారి మన బొగ్గుబాయిల మీదుగా వచ్చింది. ఈ రోజు దాని గురించి మాట్లాడతాను.

ముందు గిటారు దారి చెబుతాను. రమణ గోగుల ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసిన వ్యక్తి. 'మిస్టీ రిథమ్స్' అనే బృందంతో 'ఆయే లైలా' అనే పాప్ ఆల్బం చేశారు. అది మన దేశంలో పాప్ ఆల్బంలకు మంచి రోజులు నడుస్తున్న కాలం. చానల్ వీ, ఎంటీవీ వచ్చి ఇళ్లలో కూర్చున్నాయి. 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా', 1996లో లక్కీ అలీ 'సునో' దేశమంతా మోగాయి. సినిమా లేకుండా, హీరో లేకుండా, ఒట్టి పాటతోనే ఒక మనిషి పేరు తెచ్చుకోవచ్చని అప్పుడు అందరికీ తెలిసింది. 'ఆయే లైలా' ఆ అలలోనే వచ్చి టీవీ సంగీత చానళ్లలో ఆడింది.

తర్వాత తెలుగులో ఎప్పుడూ జరిగేదే జరిగింది. సినిమా పిలిచింది. 1998లో జయంత్ సి. పరాన్జీ తీసిన 'ప్రేమంటే ఇదేరా', 1999లో 'తమ్ముడు', 2000లో పూరి జగన్నాథ్ మొదటి సినిమా 'బద్రి'. ఆ పాటల్లో డ్రమ్సు, బేస్ గిటారు ముందుకొచ్చాయి. పాడేవాడు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పాడాడు. అప్పుడు కాలేజీల్లో ఉన్నవాళ్లను అడగండి, ఆ క్యాసెట్లు ఎన్నిసార్లు తిప్పి తిప్పి విన్నారో చెబుతారు. సినిమా సంగీతానికి అది లాభమే. కానీ తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, తన బృందంతో ఆల్బం తెచ్చే తెలుగు బ్యాండు అనే ఊహ అక్కడితో ఆగిపోయింది. సినిమా ఇచ్చే పేరు, డబ్బు ముందు ఆల్బం నిలబడలేదు. ఆ నష్టాన్ని మనం ఇప్పటికీ పూడ్చుకోలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు చార్టుల సంగతి. పాటలకు వరుస సంఖ్యలు ఇచ్చే పని ఎట్లా మొదలైందో తెలుసుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. బ్రిటన్‌లో మొదటి పట్టిక 1952 నవంబరు 14న ఒక సంగీత వారపత్రికలో వచ్చింది. పెర్సీ డికిన్స్ అనే ఆయన సుమారు 20 రికార్డుల దుకాణాలకు ఫోన్ చేసి, ఈ వారం ఏ రికార్డులు ఎక్కువ అమ్ముడుపోయాయని అడిగి, ఆ జవాబులు కూడి పట్టిక వేశారు. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 'హాట్ 100' 1958 ఆగస్టులో మొదలైంది. మన దేశంలో ఆ పని రేడియోనే చేసింది. 1952లో రేడియో సిలోన్ నుంచి అమీన్ సయానీ గొంతులో 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. హిందీ సినిమా పాటలకు మెట్లు కట్టి, ఈ వారం ఈ పాట ఈ మెట్టు మీద ఉందని చెబుతుంటే దేశం చెవి ఒగ్గి వినేది. అప్పట్లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చాక గానీ ఆ లోటు తీరలేదు.

డికిన్స్ చేసిన ఆ ఫోన్లను గుర్తుపెట్టుకోండి. ఫోన్ వెళ్లిన దుకాణంలో అమ్ముడైన పాటే పట్టికకు ఎక్కింది. ఫోన్ వెళ్లని ఊళ్లో జనం ఏం పాడుకున్నారో ఆ పట్టికకు తెలియదు. ఫోన్ పోయి టీవీ కౌంట్‌డౌన్ వచ్చింది, అది పోయి యూట్యూబ్ లెక్క వచ్చింది. 2022లో బిల్‌బోర్డ్ భారతదేశానికి కూడా ఒక పాటల పట్టిక మొదలుపెట్టింది. కొలిచే పరికరం మారింది, కొలిచే చోటు మాత్రం ఎవరో ఒకరు ఎంచుకున్నదే. గోదావరిఖనికి ఏ కాలంలోనూ ఆ ఫోన్ రాలేదు.

వచ్చి ఉంటే ఏం విని ఉండేవారో చెబుతాను.

సింగరేణి బొగ్గు గనుల కథ 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఆనవాళ్లు కనుక్కోవడంతో మొదలైంది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. రామగుండం వైపు బాయిలు చాలా ఆలస్యంగా, 1960ల నాటికి వచ్చాయి. ఆ తర్వాత గోదావరి ఒడ్డున ఒక పట్నం లేచింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వ్యవసాయం గిట్టని రైతులు, కూలీలు, చేతిపనులవాళ్లు వచ్చారు. కోస్తా నుంచి వచ్చారు, ఉత్తర భారతం నుంచి వచ్చారు. ఎరువుల కర్మాగారానికి కొందరు, 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ విద్యుత్కేంద్రానికి మరికొందరు వచ్చారు. ప్రతి కుటుంబం తన ఊరి పాటను వెంట తెచ్చుకుంది. ఒగ్గు కథ తెలిసిన ఇంటి పక్క క్వార్టర్‌లో యక్షగానం తెలిసిన ఇల్లు. బతుకమ్మ వస్తే ఒక్క కాలనీలో పది ఊళ్ల బాణీలు ఒకే చప్పట్ల వరుసలో కలిసేవి. ఏ సంగీత విద్యాలయమూ ఇవ్వలేని చదువు అది.

ఇంక బాయి పని. మొదటి షిఫ్టు పొద్దున 7 గంటలకు, రెండోది మధ్యాహ్నం 3కు, రాత్రిపాళీ 11కు. తట్ట, చెమ్మస్ అనే పార పట్టుకుని బొగ్గు నింపే ఫిల్లర్ల పని ఒక్కడితో అయ్యేది కాదు. టబ్బు పట్టాలు తప్పితే నలుగురు కలిసి ఒక్క కూతతో ఎత్తాలి. ఒకరి ఊపిరి ఒకరికి తెలియాలి. షిఫ్టుకు ముందు బాయి దగ్గర గేటు మీటింగు. మాట్లాడే నాయకుడు రాకముందే ఎవరో ఒకరు డప్పు అందుకుని పాట ఎత్తుకునేవారు. మైకు ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. సైకిళ్ల మీద వచ్చి చివరన నిలబడ్డవాడికి కూడా ప్రతి మాటా స్పష్టంగా వినపడాలి. లేకపోతే ఆ పాట దండగ. ఖని గొంతు అట్లా తయారైంది.

ఆ పాటలు పాడింది బృందాలే. ఈ మాట నొక్కి చెబుతున్నాను. 1970ల మొదట్లో పుట్టిన జననాట్యమండలి, దాని వెనకాలే వచ్చిన అరుణోదయ, కార్మిక సంఘాల సొంత దళాలు. మాట వాళ్లదే, బాణీ వాళ్లదే, ఆట వాళ్లదే. గొంగడి, గజ్జె, డప్పు వాళ్ల వాద్య సామగ్రి. జననాట్యమండలి గాయకుడు గద్దర్ పేరు వింటే బొగ్గుబాయిల ప్రాంతంలో ఒక తరం మొత్తం లేచి నిలబడేది. వాళ్ల క్యాసెట్లు సభల దగ్గర అమ్ముడయ్యేవి, చేతులు మారేవి, ఒకదాని నుంచి ఒకటి కాపీ అయ్యేవి. ఆ అమ్మకాలు ఏ పట్టికలో ఉన్నాయి? ఎక్కడా లేవు. సొంత రచన, సొంత సంగీతం, సొంత బృందం, సొంత రికార్డు. ప్రపంచమంతా రాక్ బ్యాండు అని గౌరవించేది ఇదే కదా. ఆ గౌరవం మన దళాలకు కూడా ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. రాజకీయంగా వాళ్లతో ఏకీభవించనివాళ్లు ఉండొచ్చు. పాట పుట్టించిన బలాన్ని మాత్రం కాదనలేరు.

2002లో కామారెడ్డిలో తెలంగాణ ఉద్యమపు ఆటపాటల వేదిక ధూంధాం మొదలైంది. దానితో ఆ దళాల పాట ప్రాంతమంతటి పాట అయింది. ప్రత్యేక రాష్ట్రం కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బాయిలు ఆపి రోడ్ల మీదికి వచ్చినప్పుడు, వంటావార్పూ దగ్గర, దీక్షా శిబిరాల దగ్గర పగలంతా పాటే నడిచింది.

మధుప్రియ ఆ వేదికల మీది నుంచి వచ్చింది. ఆడపిల్ల పుట్టుక గురించి ఆమె చిన్నతనంలో పాడిన పాట తెలంగాణ ఇళ్లన్నిటికీ చేరింది. చిన్న పిల్ల, పెద్ద మైదానం, ఎదురుగా వేల మంది. అక్కడ సిగ్గుపడితే పని జరగదు. శ్వాస నాభి నుంచి తీసుకోవాలి, మాట పెదవి దాటి దూరంగా పడాలి. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా'లో సుద్దాల అశోక్‌తేజ రాసిన 'వచ్చిండే' పాటను ఆమె, రామ్‌కీ కలిసి పాడారు. శక్తికాంత్ కార్తీక్ సంగీతం. తెలంగాణ పలుకుతో ఉన్న పాట కోట్లసార్లు వినపడటం అప్పటికి కొత్త. ఈ పలుకు హాస్య పాత్రలకే సరిపోతుందని అనుకున్న సినిమావాళ్లకు ఆ పాటే జవాబు చెప్పింది. 2020లో 'సరిలేరు నీకెవ్వరు'లోనూ ఆమె పాడింది.

ఇప్పుడు మళ్లీ 'గోదారి గట్టు' దగ్గరికి వద్దాం. ఈసారి హీరోనూ కథనూ పక్కన పెట్టి, రెండు గొంతుల్ని మాత్రమే వినండి. రమణ గోగుల మైకుకు దగ్గరగా పాడే గాయకుడు. గొంతులో ఒక పొడి జీర ఉంటుంది. స్వరాన్ని పూర్తిగా తెరవడు, కొంత దాచుకుంటాడు. స్టూడియోలో, బ్యాండుతో, హెడ్‌ఫోన్ పెట్టుకుని నేర్చుకున్న పద్ధతి అది. మధుప్రియ అందుకోగానే గాలి మారుతుంది. ఆమె దాచుకోదు. మాట చివర విసిరి వదులుతుంది, అచ్చు దీర్ఘాన్ని బయలు ప్రదేశంలో పిలిచినట్టు సాగదీస్తుంది. ఆయన తగ్గి పాడినందుకు ఆమె గొంతు ఇంకా ఎత్తుగా వినపడుతుంది, ఆమె తెరిచి పాడినందుకు ఆయన జీరకు ఇంకా అందం వస్తుంది. మొగుడూ పెళ్లాల సరసంలో ఒకరు బతిమాలడం, ఒకరు బెట్టు చేయడం ఉంటాయి కదా, ఆ తేడా రెండు గొంతుల్లోనే ఉంది. దీన్ని పసిగట్టి జత కలిపిన భీమ్స్‌ను మెచ్చుకోవాలి. ఆయనది బయ్యారం ప్రాంతం. సింగరేణి పుట్టిన ఇల్లెందుకు అది పొరుగు. అంటే ఈ పాటకు పాడినవైపూ, బాణీ కట్టినవైపూ బొగ్గు నేలతో సంబంధం ఉంది.

పాట కథ నడిచేది రాజమండ్రి వైపు. అయినా ఆ నీళ్లు అక్కడికి చేరేముందు మన ముందు నుంచే పోతాయి. ఎల్లంపల్లి దాటి, గోదావరిఖని దాటి, మంథని, కాళేశ్వరం, భద్రాచలం చూసుకుని అటు వెళతాయి. గోదారి పాట అనగానే కోనసీమ కొబ్బరిచెట్లే కనపడాలన్న అలవాటు తెలుగు సినిమాకు చాలా పాతది. ఎగువన కూడా గోదారి ఉందని, దాని గట్టున బొగ్గు కుప్పలు, పవర్‌హౌస్ పొగగొట్టాలు, క్వార్టర్ల వరుసలు ఉన్నాయని ఈ పాట విన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? తెలియజెప్పాల్సింది మనమే.

కొంతవరకు ఒక సినిమా చెప్పింది. 2023 మార్చి 30న వచ్చిన 'దసరా'. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల ఈ గోదావరిఖని నేల మీది నుంచి వచ్చినవాడే. బొగ్గుబాయిల పక్కన వీర్లపల్లి అనే పల్లెను కల్పించి, ఐదు భాషల్లో చూపించాడు. ఆ ఆల్బం తమిళ సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్‌ది. 'ధూం ధాం దోస్తాన్' పాటకు రాహుల్ సిప్లిగంజ్‌తో పాటు పాలమూరు జంగిరెడ్డిని, కనకవ్వను, ఇంకొందరు జానపద గాయకులను కూర్చోబెట్టాడు. 'చమ్కీల అంగీలేసి' పాటను రామ్ మిరియాల, ధీ పాడారు. కాసర్ల శ్యామ్ రాశారు. తాగొచ్చే మొగుడి మీద పెళ్లాం ఫిర్యాదు, పెళ్లాం మీద మొగుడి ఫిర్యాదు, ఇంటి గొడవే పాట. ఫోన్లు ఉన్న పిల్లలందరూ దానికి ఆడి వీడియోలు పెట్టారు. ఇదే కాసర్ల శ్యామ్‌కు 'బలగం'లో ఊరి మీద రాసిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. దాన్ని రామ్ మిరియాల, మంగ్లి పాడారు.

రామ్ మిరియాల కూడా బ్యాండు నుంచి వచ్చినవాడే. హైదరాబాద్‌లో 'చౌరస్తా' అనే బృందం తెలుగు జానపదానికి రెగ్గే, రాక్ కలిపి సొంత పాటలు చేసింది. 2020లో కరోనా మొదలైన రోజుల్లో చేయీ చేయీ కలపొద్దని వాళ్లు చేసిన పాట పల్లెల్లో మైకులు పెట్టి వినిపించారు. ఆ తర్వాత ఆయన 'జాతిరత్నాలు'లో పాడాడు, 'డీజే టిల్లు'లో పాడాడు, పెద్ద గాయకుడయ్యాడు. మళ్లీ అదే వరస. బ్యాండు మెట్టు అయింది, సినిమా మేడ అయింది. పాడేవాడి తప్పు కాదిది. బ్యాండుగా బతకడానికి టికెట్టు కొని పాట వినే అలవాటు మన ఊళ్లలో పెంచలేదు. పాటగాడికి శాలువా కప్పుతాం, పారితోషికం దగ్గర వెనకాడతాం.

2021లో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాతులో 'బుల్లెట్టు బండి' పాటకు పెళ్లికొడుకు ముందు ఆడింది. మోహన భోగరాజు పాడిన ప్రైవేటు పాట అది. అప్పటికే జనంలో ఉంది. బొగ్గుబాయిల జిల్లా నుంచి వచ్చిన ఆ ఒక్క వీడియోతో దేశం నలుమూలలా పాకింది. సినిమా లేని పాటను పెద్దది చేసిన శక్తి ఒక పెళ్లి వీధిలో ఉంది చూశారా. చానల్ వీ చేసిన పని ఇప్పుడు మన గల్లీ చేయగలదు. 1990లలో రమణ గోగుల బృందానికి లేని వసతి ఇది. రికార్డు కంపెనీ గుమ్మం ఎక్కకుండానే పాట బయటికి వస్తుంది.

అయితే ఒక సంగతి నన్ను కలవరపెడుతోంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారు. లోపలి బాయిలు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తట్ట, చెమ్మస్ పోయి పెద్ద యంత్రాలు వచ్చాయి. పనిలో ప్రాణభయం తగ్గడం మంచిదే, అందుకు సంతోషించాలి. కానీ గేటు మీటింగులో పాట ఎత్తుకున్నవాళ్లు రిటైరై ఊళ్లకు వెళ్లిపోయారు. ఓపెన్‌కాస్టు కింద ఊళ్లే కదిలిపోయిన చోట, ఆ ఊరి బతుకమ్మ బాణీ కూడా చెదిరిపోయింది. ఆ పాటలు ఎవరి గొంతులో ఉన్నాయో వాళ్లు పెద్దవాళ్లవుతున్నారు.

కాబట్టి ఖనిలో, యైటింక్లైన్ కాలనీలో, మందమర్రిలో, శ్రీరాంపూర్‌లో, భూపాలపల్లిలో ఈ మాట వింటున్న పిల్లలకు నా విన్నపం ఒకటి. మీ చేతిలో ఫోన్ ఉంది, అందులో రికార్డర్ ఉంది. మీ తాతను, మీ మేనత్తను, పక్క క్వార్టర్ పెద్దమనిషిని కూర్చోబెట్టి, బాయి మీద పాడిన పాట, బతుకమ్మ కాడి పాట పాడించుకుని రికార్డు చేయండి. ఎవరు పాడారో, ఎప్పటిదో, ఏ ఊరిదో ముందు రెండు మాటలు వాళ్ల చేతే చెప్పించండి. తర్వాత నలుగురు కలవండి. ఒకరు డప్పు, ఒకరు గిటారు, ఒకరు రాత, ఒకరు గొంతు. మీ కాలనీ మీద, మీ అమ్మ మీద, మీకు రాని ఉద్యోగం మీద మీ సొంత మాటలతో ఐదారు పాటలు కట్టి ఒక ఆల్బం తీయండి. సినిమా పిలిస్తే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. ముందు మీ పేరు మీద ఒక ఆల్బం ఉండాలి.

పెద్దలకు, సంఘాలవాళ్లకు, సింగరేణి యాజమాన్యానికి కూడా ఒక మాట. ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు వేదిక మీద బయటినుంచి వచ్చే గాయకులతో పాటు, ఈ నేల పిల్లల సొంత బృందాలకు ఒక గంట కేటాయించండి. పాడినందుకు శాలువాతో పాటు సరైన పారితోషికం కూడా చేతిలో పెట్టండి.